సబ్బు బుడగల సైన్స్ కిట్: పిల్లలతో నెల రోజులు వాడాక నా రివ్యూ

వేసవి సెలవులు మొదలైన వారానికే మా పిల్లలిద్దరూ టీవీకి అతుక్కుపోయారు. పెద్దది ఐదో తరగతిలోకి వెళ్తోంది, చిన్నోడు ఒకటో తరగతి అయిపోయింది. చేతులతో చేసే పని ఏదైనా పెడదామని ఆన్‌లైన్‌లో వెతికి 649 రూపాయలు పెట్టి ఈ సబ్బు బుడగల కిట్ కొన్నాను. పేరు రాయడం లేదు, నాకు కనిపించిన నాలుగైదు కిట్లలోనూ ఇంచుమించు ఇవే సామాన్లు ఉన్నాయి, కాబట్టి ఏది కొనబోతున్నా ఈ రివ్యూ పనికొస్తుంది. నేను మాత్రం డబ్బా విప్పిన రోజే ఐదు స్టార్లు ఇచ్చేసిన రివ్యూలు చదివి కొన్నాను, అందుకే నెల రోజులు ఆగి రాస్తున్నాను. సగం రోజులు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద, సగం రోజులు కోనసీమలో మా అత్తగారింటి పెరట్లో వాడాం. ఆ రెండు చోట్లా వాడటం వల్లే చాలా సంగతులు తెలిశాయి.

డబ్బాలో ఉన్నవి: చిక్కటి సబ్బు ద్రావణం 100 మిల్లీలీటర్ల సీసాలు రెండు, బుడగలు ఊదే ప్లాస్టిక్ రింగులు మూడు (ఒకటి గుండ్రం, ఒకటి చదరం, ఒకటి నక్షత్రం), పిడి ఉన్న చట్రాలు రెండు, అంటే ఒకటి ఘనం ఆకారంలో, ఇంకొకటి నాలుగు త్రిభుజాల పిరమిడ్ ఆకారంలో, ఒక ఊలు గ్లౌజు, ఒక ప్లాస్టిక్ ట్రే, నాలుగు స్ట్రాలు, 12 ప్రయోగాలున్న ఇంగ్లిష్ పుస్తకం. డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు ఉంది, అది చూసుకునే కొన్నాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. నోటి దగ్గర పెట్టుకుని ఊదే వస్తువు కాబట్టి మీరు ఏది కొన్నా ఆ గుర్తు చూసుకోండి.

మా డబ్బాలో ఒక సీసా మూత కింద సీలు ఊడిపోయి సగం ద్రావణం అట్టపెట్టెలో ఇంకిపోయింది. ఫొటోలు పెట్టి మెయిల్ చేస్తే తొమ్మిది రోజులకు జవాబొచ్చింది, వచ్చే ఆర్డరుకు కూపన్ ఇస్తామని. నాకు కూపన్ అక్కర్లేదు, సీసా కావాలి, అది మాత్రం పంపలేదు.

మొదటి రోజు ఏం జరిగిందంటే, మధ్యాహ్నం రెండింటికి పిల్లలు ఆగలేక డాబా ఎక్కారు. పుస్తకంలో ఒక వంతు ద్రావణానికి ఐదు వంతుల నీళ్లు కలపమన్నారు, పంపు నీళ్లే పట్టుకెళ్లాం, మాది బోరు. ఊదితే నిమ్మకాయంత బుడగ వచ్చి రింగు దగ్గరే పేలిపోతోంది. పది సార్లు అయ్యేసరికి చిన్నోడు రింగు పడేసి కూర్చున్నాడు. పెద్దది మాత్రం డబ్బా మీద బొమ్మ చూపించి, ‘నాన్నా, వీళ్లకి ఇంత పెద్దవి వచ్చాయి కదా, మనకెందుకు రావట్లేదు?’ అని అడిగింది. ఈ కిట్ వల్ల మా ఇంట్లో పుట్టిన మొదటి సైన్స్ ప్రశ్న అదే, పుస్తకంలో ఆ ప్రశ్నా లేదు, దానికి జవాబూ లేదు.

మర్నాడు రెండు గ్లాసులు పెట్టాం, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్ఓ నీళ్లు. రెండింట్లోనూ ఒకే కొలత ద్రావణం, ఒకే రింగు, ఒకే చోటు. పెద్దది ఊదడం, చిన్నోడు పైకి లెక్కపెట్టడం. ఆర్ఓ నీళ్ల బుడగలు ఎక్కువ అంకెల దాకా నిలబడ్డాయి, ఇరవై సార్లు చేశాక చిన్నోడికే తెలిసిపోయింది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు వాటిని పట్టుకుని కరగని తెట్టులా మారిపోతుంది, బుడగకు మిగిలేది తక్కువ. బాత్రూమ్ బకెట్ అంచున తెల్లగా పేరుకునేది కూడా ఇదేనని చూపించాను. కావాలంటే ఒంటి సబ్బు తురిమి రెండు రకాల నీళ్లలో వేసి గిలక్కొట్టండి, ఒకటి నురగ కడుతుంది, ఇంకోటి విరిగిన పాలలా అవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌లో ఉండే డిటర్జెంట్‌కు ఈ ఇబ్బంది తక్కువే కానీ పూర్తిగా పోదు. మన ఊళ్లలో బోరు నీళ్లు లేని ఇల్లు తక్కువ కదా, ఇక్కడ అమ్మే కిట్‌లో ఈ ఒక్క మాట రాయకపోవడం నాకు నచ్చలేదు.

రెండో కారణం ఎండ. బుడగ అంటే నీటి పల్చటి పొర, దానికి లోపల ఒక వరస, బయట ఒక వరస సబ్బు అణువులు. మధ్యలో నీరు ఆవిరైపోతే బుడగ అయిపోయినట్టే. మే నెల మధ్యాహ్నం డాబా మీద అది ఎంతసేపు ఆగుతుంది? పొద్దున్నే ఆరున్నరకు అదే ద్రావణంతో ఊదితే పిట్టగోడ దాటి పక్క అపార్ట్‌మెంట్ మీదుగా పోయాయి. కోనసీమ వెళ్లాక సంగతే వేరు. సాయంత్రం వాన వెలిసిన తర్వాత పెరట్లో ఊదితే కొబ్బరిచెట్ల మధ్యలోంచి తేలుతూ కాలవగట్టు దాకా వెళ్లాయి, పిల్లలు వాటి వెనకే పరుగు. గాలిలో తేమ ఉంటే నీరు త్వరగా ఆవిరి కాదని వాళ్లకు వేరే చెప్పక్కర్లేకపోయింది, ‘ఇక్కడ బట్టలు కూడా తొందరగా ఆరట్లేదు కదా నాన్నా’ అని మా అమ్మాయే అంది.

కిట్ ద్రావణం మూడో రోజుకే అయిపోయింది, ఇక మేమే కలుపుకున్నాం, నిజం చెప్పాలంటే మాదే బాగుంది. ఆరు గ్లాసుల ఆర్ఓ నీళ్లకు ఒక గ్లాసు గిన్నెలు తోమే లిక్విడ్, రెండు టేబుల్ స్పూన్లు గ్లిజరిన్. గ్లిజరిన్ మందుల షాపులో దొరుకుతుంది, మాకు చిన్న సీసా 60 రూపాయలు పడింది. అది గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది కాబట్టి పొర తొందరగా ఆరిపోదు. గరిటెతో నెమ్మదిగా కలపాలి, నురగ వస్తే బుడగ రాదు. రాత్రంతా కదపకుండా ఉంచితే ఇంకా బాగుంటుంది. ఎక్కువ కలిపి రోజుల తరబడి నిలవ పెట్టకండి, మాది పది రోజులకు వాసన వచ్చింది, పారబోశాం.

పెద్ద పెద్ద బుడగలు కావాలంటే ఇంకో వస్తువు ఉంది, గ్వార్ గమ్. పేరు కొత్తగా ఉన్నా అది మన గోరుచిక్కుడు గింజల పొడే, ఐస్‌క్రీములు చిక్కబడటానికి వాడతారు. లీటరు ద్రావణానికి పావు టీస్పూను చాలు, అయితే నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ముందు గ్లిజరిన్‌లో కలిపి ఆ తర్వాత నీళ్లలో పోయాలి. దాని పొడవాటి అణువులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని పొరను సాగనిస్తాయి. రెండు కర్రలకు నూలుతాడు కట్టి ఈ ద్రావణంలో ముంచి లాగితే చిన్నోడి కంటే పొడవైన బుడగ వచ్చింది. గోరుచిక్కుడుకాయ కూర పళ్లెంలో వదిలేసే పిల్ల ఆ రోజు వంటింట్లోకెళ్లి కాయ ఒలిచి గింజలు చూసింది.

ఇప్పుడు పుస్తకం గురించి, నాకు అసలు కోపం దీని మీదే. మొదటిది, తప్పు రాశారు. సబ్బు కలిస్తే నీటి తలతన్యత, అంటే నీటి పైపొర ముడుచుకునేలా లాగే బలం, పెరుగుతుంది కాబట్టి బుడగ వస్తుందని ఉంది. జరిగేది దానికి సరిగ్గా ఉల్టా. మామూలు నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు, సబ్బు కలిస్తే అది దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఉత్త నీటికి లాక్కునే బలం మరీ ఎక్కువ, పొరగా సాగనివ్వకుండా బొట్టుగా ముడుచుకుపోతుంది. సబ్బు ఆ బలాన్ని తగ్గించి సాగనిస్తుంది, పైగా పొర ఎక్కడైనా పల్చబడితే అక్కడ సబ్బు తగ్గి లాగే బలం కాస్త పెరిగి, చుట్టుపక్కల ద్రవాన్ని అటు లాక్కొచ్చి అతుకు వేస్తుంది. ఇది పిల్లలకు చూపించడానికి పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లండి, వేలికి సబ్బు రాసుకుని మధ్యలో తాకితే పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది. వేలు పెట్టిన చోట లాగే బలం తగ్గింది, బలం ఎక్కువున్న అంచువైపు నీరు లాక్కుపోయింది, అంతే. పుస్తకంలో రాసింది నిజమైతే పొడి వేలి దగ్గరకు రావాలి. మా పెద్దది ఈ ప్రయోగం చేసి, పెన్సిల్‌తో పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసింది. అచ్చులో ఉన్నది తప్పని తనే చేసి తెలుసుకుంది కదా, ఆ పేజీ నేను దాచి ఉంచాను.

రెండోది తప్పు కాదు గానీ అంతకంటే పెద్ద లోపం. ప్రతి ప్రయోగం పక్కనే ఏం కనిపిస్తుందో ఫొటో వేసేశారు. చట్రం ముంచకముందే లోపల ఏం వస్తుందో తెలిసిపోతే ఇక పిల్లలు ఎందుకు ముంచాలి? నేను ఫొటోల మీద కాగితం అతికించేశాను. మీరూ కొంటే పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకముందే ఆ పని చేయండి.

ఎందుకంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఘనం చట్రం ముంచిన రోజు గురించి రాయాలి. ముందు నోట్‌బుక్ ఇచ్చి, ఈ డబ్బా చట్రాన్ని సబ్బు నీళ్లలో ముంచి తీస్తే పొర ఎలా ఉంటుందో బొమ్మ గీయమన్నాను. పెద్దది డబ్బాకు ఆరు వైపులా అద్దాలు బిగించినట్టు గీసింది. చిన్నోడు లోపల గుండ్రంగా బంతి గీశాడు. కిట్ ట్రే రెండు వేళ్ల లోతు కూడా లేదు, చట్రం మునగదు, అదొక లోపం, అందుకని స్టీలు గంజులో ద్రావణం పోసి ముంచాం. పైకి తీసేసరికి ఆరు వైపులా ఒక్క అద్దం కూడా లేదు. పన్నెండు అంచుల నుంచీ పన్నెండు పొరలు లోపలికి వాలి, నట్టనడుమ చిన్న చదరపు పొర ఒకటి, మొత్తం పదమూడు. కిటికీ వెలుగులో ఆ చదరం మీద రంగులు తిరుగుతున్నాయి. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దది చట్రాన్ని కొద్దిగా ఊపింది, మధ్య చదరం అటు నుంచి ఇటు తిరిగి నిలబడింది, నిలువుగా ఉన్నది అడ్డంగా. మళ్లీ ఊపింది, మళ్లీ మారింది. తడి స్ట్రాతో మధ్యలో ఊదితే బుగ్గలు పూరించినట్టున్న చిన్న ఘనం బుడగ వచ్చింది, చిన్నోడు గట్టిగా అరిచాడు, నలుపలకల బుడగ వాడెప్పుడూ చూడలేదు.

పొర ఎప్పుడూ తక్కువ వైశాల్యంతో పని జరిగే దారే చూసుకుంటుంది. గాలిలో ఒంటరిగా ఉంటే గుండ్రమే అన్నిటికంటే తక్కువ వైశాల్యం, అందుకే నక్షత్రం రింగుతో ఊదినా బంతే వస్తుంది. చట్రానికి పట్టుకున్నప్పుడు మూడు పొరలు కలిస్తే వాటి మధ్య కోణం 120 డిగ్రీలు, అలా పొరలు కలిసే గీతలు నాలుగు ఒకచోట కలిస్తే సుమారు 109.5 డిగ్రీలు, ఈ లెక్క తప్పదు. పిరమిడ్ చట్రంలో మధ్య బిందువు దగ్గర నాలుగు గీతలు కలిసేది ఇలాగే. ఈ నియమాలు చెప్పింది బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో. ఆయన 1843 నాటికే చూపు పోగొట్టుకున్నాడు, ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు ప్రయోగాలు చేసి కనిపించింది చెబుతుంటే విని అర్థం చేసుకుని 1873లో పుస్తకంగా వేశాడు, ఆయన వాడిన ద్రావణంలోనూ గ్లిజరిన్ ఉండేది. ఇది మా పెద్దదానికి చెబితే, కళ్లు మూసుకుని కూర్చుని తమ్ముణ్ణి చట్రం ముంచి ఏం కనిపిస్తోందో చెప్పమంది. వాడు చెప్పినదాన్ని బట్టి గీసింది. మొదటి బొమ్మ కుదరలేదు, మూడోసారికి దగ్గరికొచ్చింది. ఇంత మంచి మనిషి కథ పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు.

కిట్‌లో లేనిదీ, నన్నడిగితే అన్నిటికంటే బాగున్నదీ గాజు ప్రయోగం. మా ఆవిడ 2.6 సైజు మెటల్ గాజు ఒకటి తీసుకున్నాం. కుట్టు దారంతో చిన్న ఉంగరంలా ముడేసి, దాన్ని ఇంకో దారంతో గాజుకు వేలాడదీశాం. ద్రావణంలో ముంచి తీస్తే గాజు నిండా పొర, అందులో దారం వంకరటింకరగా తేలుతూ ఉంటుంది. ఆ దారం లోపలి పొరను మాత్రం పొడి పెన్సిల్ ములికితో పొడిస్తే, టక్కుమని దారం గుండ్రంగా విచ్చుకుంటుంది, కంపాస్‌తో గీసినట్టు. బయటి పొర అన్ని వైపులకూ ఒకే బలంతో లాగుతోంది కాబట్టి. కనీసం నలభై సార్లు చేయించుకున్నారు నాతో.

అదే గాజును దారం లేకుండా ముంచి, నిలువుగా పట్టుకుని వెనక నల్లగుడ్డ పెట్టి చూడండి. మొదట గులాబీ, ఆకుపచ్చ పట్టీలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగుతాయి. నీరు కిందికి జారి పైభాగం పల్చబడే కొద్దీ రంగులు మారతాయి, పొర ముందు వైపు నుంచి తిరిగొచ్చే వెలుగూ వెనక వైపు నుంచి తిరిగొచ్చే వెలుగూ కలిసి కొన్ని రంగులు బలపడి కొన్ని పోతాయి, దీన్నే పెద్ద క్లాసుల్లో వ్యతికరణం అంటారు. చివరికి పైన తెల్లగా వెండిలా మెరిసి, ఆ పైన నల్లటి మచ్చ పడుతుంది. రంధ్రం పడిందనుకుంటారు కానీ పొర అక్కడే ఉంది, సుమారు 30 నానోమీటర్ల కంటే పల్చన, అంటే మన వెంట్రుక మందంలో రెండు వేల వంతు కన్నా తక్కువ, అంత పల్చనైతే ఆ రెండు వెలుగులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నల్లగా కనిపిస్తుంది. రెండు రోజుల్లో చిన్నోడు కనిపెట్టేశాడు, ‘నలుపొచ్చింది, నలుపొచ్చింది, ఇప్పుడు పోతుంది చూడు’ అని, అన్నట్టే టప్‌మని పోయేది. బుడగ ఎప్పుడు పేలుతుందో ఆరేళ్ల పిల్లాడు ముందే చెప్పగలుగుతున్నాడు.

గ్లౌజు బాగుంది, ఊలు నూగు మీద బుడగ అంటుకోకుండా గెంతుతుంది, పాత ఊలు సాక్సు తొడుక్కున్నా ఇదే ఆట. బుడగ కిందికి దిగకుండా గాలిలో నిలబడే ప్రయోగం పుస్తకంలో ఉంది, సామాను మాత్రం మనమే తెచ్చుకోవాలి. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు స్పూన్ల వంట సోడా, గ్లాసు వెనిగర్ పోసి, పొంగు తగ్గాక, ఫ్యాను కట్టేసి పైనుంచి బుడగలు మెల్లగా రాలనివ్వాలి. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైన కార్బన్ డయాక్సైడ్ తొట్టిలో నిండి ఉంటుంది కాబట్టి బుడగ దాని మీద తేలుతుంది. ఓపిగ్గా చూస్తే తేలుతూనే కొంచెం ఉబ్బుతుంది, ఆ వాయువు పొరలో కరిగి లోపలికి వెళ్తుంది.

కోనసీమలో మా అత్తగారు ఈ డబ్బా చూసి, ‘దీనికి ఆరొందలా బాబూ?’ అని, పెరట్లో బొప్పాయి ఆకు కాడ తెంపి, తలంటుకు కొట్టి నానబెట్టిన కుంకుడు రసంలో ముంచి ఊదారు. ఏడెనిమిది బుడగలు వరసగా. కుంకుడుకాయలో సపోనిన్లు ఉంటాయి, సబ్బులాగే తలతన్యత తగ్గిస్తాయి. మా ద్రావణంతో వచ్చినంత పెద్దవి కావు గానీ మనవరాలు కిట్ పక్కన పెట్టి వారం రోజులు ఆ కాడతోనే తిరిగింది. ఆవిడే నేపాళం చెట్టు కొమ్మ విరిచి ఆ పాలతో కూడా బుడగలు ఊదేవాళ్లమని చెప్పారు, మేమూ చిన్నప్పుడు చేశాం, కానీ ఆ పాలు కళ్లల్లో పడితే ప్రమాదం, దాని గింజలు విషం, కాబట్టి పిల్లలతో అది చేయించలేదు. కుంకుడు రసం కూడా కంట్లో పడితే ఎంత మంటో మీకు తెలిసిందే, ఒక చెంబు మంచినీళ్లు పక్కన పెట్టుకోండి.

జాగ్రత్తలు ఇంకో రెండు ఉన్నాయి. చిన్నపిల్లలు స్ట్రాతో ఊదబోయి పీల్చేస్తారు, స్ట్రా పైభాగంలో కత్తెరతో చిన్న గాటు పెడితే పీల్చినా ద్రావణం నోట్లోకి రాదు. టైల్స్ మీద ఆడించవద్దు, మా వరండాలో చిన్నోడు జారి మోచెయ్యి కొట్టుకున్నాడు, ఆ తర్వాత డాబా, పెరడు తప్ప ఇంకెక్కడా ఆడించలేదు.

రేటింగు ఐదుకు మూడు. ఆ మూడూ చట్రాలు రెండింటికి, గ్లౌజుకు. ద్రావణానికి, ట్రేకి, పుస్తకానికి నేను ఏమీ ఇవ్వను. మీకు బైండింగ్ వైరు వంచి ఘనం చేసే ఓపిక ఉంటే కిట్ అవసరమే లేదు, గ్లిజరిన్ సీసా, ఒక గాజు, దారం చాలు. అంత తీరిక లేకపోతే, లేదా వేరే ఊళ్లో ఉన్న మేనల్లుడికో మేనకోడలికో పంపాలంటే కొనండి, 400 లోపు వస్తే ఇంకా మంచిది. కొన్నాక పుస్తకంలో ఫొటోలు మూసేసి, ముందు బొమ్మ గీయించి, ఆ తర్వాతే ముంచనివ్వండి.

మా ఘనం చట్రం పిడి నిన్న విరిగింది. పెద్దది ఇప్పుడు వైరు ముక్కలు కొలుచుకుంటోంది, ఈసారి ఆరు పలకలు కాదట, ఎనిమిది పలకలది చేస్తుందట, లోపల ఏమొస్తుందో ముందే గీసి నా చేతికి ఇచ్చింది.